పాత విమానానికి కొత్త ప్యానెల్ వేయించాలా, ఉన్నదాంతో నడిపించాలా?

ప్రశ్న: నమస్తే అండీ. పోయినేడాది 1976 మోడల్ పైపర్ ఆర్చర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజిన్ ఓవర్‌హాల్ అయ్యాక 1400 గంటలు తిరిగింది, బాడీ శుభ్రంగా ఉంది, తుప్పు లేదు. ప్యానెల్ (పైలట్ ముందుండే పరికరాల బోర్డు) మాత్రం పాతదే. జీఎన్‌ఎస్ 430 జీపీఎస్ ఉంది కానీ వాస్ (శాటిలైట్ సవరణల సదుపాయం) లేనిది, రెండో రేడియో అప్పుడప్పుడు గరగరలాడుతుంది, హొరైజన్ (విమానం వాలు చూపించేది), డీజీ (ముక్కు ఏ దిక్కుకి ఉందో చూపించేది) రెండూ వ్యాక్యూమ్‌తో, అంటే పంపు గాలి లాగితే తిరిగేవే, ఏడీఎఫ్ (పాత రేడియో దిక్సూచి) ఉంది కానీ నేను ఒక్కసారి కూడా ఆన్ చెయ్యలేదు. ఆటోకంట్రోల్ 3 ఆటోపైలట్ బాగానే పనిచేస్తోంది. ఏడాదికి 80 గంటల దాకా ఎగురుతాను, ఈమధ్యే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత) వచ్చింది. షాపులో అడిగితే రెండు పెద్ద స్క్రీన్లు, కొత్త జీపీఎస్, కొత్త ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి విమానాన్ని చూపించే పెట్టె) అన్నీ కలిపి కొటేషన్ ఇచ్చారు, విమానం కొన్న ధరలో మూడింట రెండొంతులు ఉంది అది. లోన్ పెట్టి ఒకేసారి చేయించేద్దామని మనసు లాగుతోంది, ఇంకోపక్క భయమేస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ భయాన్ని కాసేపు అలాగే ఉంచుకోండి, అది మీకు మంచే చేస్తోంది. ఆ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టొద్దు. అలాగని ఏమీ చేయించొద్దని కూడా నేను అనను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టిన విషయం ఒకటుంది, అది స్క్రీన్లు లేకపోవడం కాదు, కొత్తగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ వచ్చిన మనిషి ఒకే ఒక్క వ్యాక్యూమ్ పంపుని నమ్ముకుని మబ్బుల్లోకి వెళ్లబోవడం.

ఇది నాకు జరిగింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. చాలా ఏళ్ల కిందట 6000 అడుగుల్లో మబ్బులో ఉన్నాను, పక్క సీట్లో స్నేహితుడు నిద్రపోతున్నాడు. హొరైజన్ ఉన్నట్టుండి పడిపోలేదు, అలా పడిపోతే ఎవరికైనా తెలిసిపోతుంది. మెల్లగా, చాలా మెల్లగా, ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు కుడివైపు వాలుతోంది, నా చెయ్యి నాకు తెలియకుండానే యోక్‌ని (స్టీరింగ్‌ని) ఎడమకి తిప్పుతోంది, ఎందుకంటే హొరైజన్ చెప్పింది వినడమే మనకి నేర్పారు కదా. టర్న్ కోఆర్డినేటర్ (కరెంటుతో నడిచి విమానం తిరగడాన్ని చూపించే వేరే పరికరం) మాత్రం ఎడమ టర్న్ చూపిస్తోంది. రెండూ ఒకదానికొకటి పొసగడం లేదని నా బుర్రకి ఎక్కడానికి పట్టిన టైమ్ గుర్తొస్తే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. సక్షన్ గేజ్ (పంపు లాగే గాలిని కొలిచేది) 5 అంగుళాల దగ్గర ఉండాల్సింది, చూస్తే సున్నా. చార్టు అంచు చింపి ఆ హొరైజన్ మీద అడ్డం పెట్టేశాను, కనపడుతూ ఉంటే కన్ను దాని మీదకే పోతుంది మరి. టర్న్ కోఆర్డినేటర్, కంపాస్, ఆల్టిమీటర్ పట్టుకుని మబ్బు కిందకి దిగాను. తర్వాత మెకానిక్ పంపు విప్పితే లోపలున్న కార్బన్ రోటర్ ముక్కలు ముక్కలైపోయి చేతిలో బొగ్గుపొడిలా రాలింది. ఆ పొద్దున గ్రౌండ్ మీద చెక్ చేసినప్పుడు గేజ్ పర్ఫెక్ట్‌గా ఉంది. డ్రై పంపులు అంతే, ఆయిల్ ఉండదు, లోపలి కార్బన్ తనని తానే అరగదీసుకుంటూ తిరుగుతుంది, చాలాసార్లు ముందు ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పోతుంది.

అందుకని నా లెక్కలో మీరు మొదట పెట్టాల్సిన డబ్బు ఒక చిన్న ఎలక్ట్రానిక్ హొరైజన్ మీద. గార్మిన్ జీ5 లాంటిది 2016 నుంచి మన తరహా సర్టిఫైడ్ విమానాలకి కూడా వచ్చింది, దానికి సొంత బ్యాటరీ ఉంటుంది, ఆల్టర్నేటర్ పోయినా కొంతసేపు చూపిస్తుంది. జీఐ 275 ఇంకో దారి, పాత గుండ్రటి డయల్ సైజులోనే వస్తుంది కాబట్టి ప్యానెల్ రేకు పెద్దగా కొయ్యక్కర్లేదు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, మీ కొటేషన్‌లో దాని గురించి రాశారో లేదో చూడండి, రాయకపోతే అడగండి. మీ ఆటోకంట్రోల్ 3 ఉందే, అది రెక్కలు సమంగా ఉన్నాయో లేదో తెలుసుకునేది ఆ వ్యాక్యూమ్ హొరైజన్ లోంచే. పాతది పీకేసి జీ5 పెట్టేస్తే ఆటోపైలట్‌కి కళ్లు పోయినట్టే, ఎందుకంటే జీ5 పాత ఆటోపైలట్లకి హెడింగ్ (దిక్కు) సిగ్నల్ అయితే ఇప్పించగలదు గానీ ఆటిట్యూడ్ (వాలు) సిగ్నల్ ఇవ్వదు. అన్ని ఆటోపైలట్లూ ఇలా ఉండవు, కొన్ని ఎస్-టెక్ కంపెనీ మోడళ్లు విమానం ఎంత వేగంగా తిరుగుతోందో టర్న్ కోఆర్డినేటర్ లోంచి తీసుకుంటాయి, వాటిల్లో హొరైజన్ మార్చినా పర్లేదు, టర్న్ కోఆర్డినేటర్ పీకితే కథ అడ్డం తిరుగుతుంది. ఇది తెలియక అన్నీ మార్చేసుకుని, విమానం ఇంటికి తెచ్చుకున్నాక ఆటోపైలట్ బటన్ నొక్కి చూసి నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. ఇంకో మాట, పంపు పోయినప్పుడు ఈ రకం ఆటోపైలట్ ఆన్‌లో ఉంటే అది కూడా ఆ వాలుతున్న హొరైజన్‌నే నమ్మి విమానాన్ని పక్కకి వాల్చేస్తుంది, కాబట్టి ఆటోపైలట్ ఉంది కదా అనే ధైర్యం మబ్బులో పెట్టుకోకండి.

మీ విషయంలో నేనైతే వ్యాక్యూమ్ హొరైజన్‌ని ప్రస్తుతానికి అలాగే ఉంచి, డీజీ కానీ టర్న్ కోఆర్డినేటర్ కానీ ఉన్న చోట ఆటిట్యూడ్ కూడా చూపించే ఎలక్ట్రానిక్ పరికరం ఒకటి పెట్టిస్తాను, డీజీ తీస్తే ఆటోపైలట్‌కి హెడింగ్ ఎక్కడినుంచి వస్తుందో అదే రోజు తేల్చుకుంటాను. అప్పుడు రెండు హొరైజన్లు, ఒకటి గాలితో, ఒకటి కరెంటుతో. ఒకటి పోతే రెండోది ఉంటుంది. తర్వాతెప్పుడైనా మీ మోడల్‌కి అప్రూవల్ ఉన్న కొత్త డిజిటల్ ఆటోపైలట్ పెట్టించుకున్న రోజున ఆ పంపు, గొట్టాలు, ఫిల్టర్ అన్నీ కలిపి తీసేయొచ్చు, బరువు కూడా తగ్గుతుంది.

రెండోది జీపీఎస్. మీ 430 పనికిరానిదేం కాదు, ఆ రోజుల్లో అది రాజు, 1998లో వచ్చి ఎన్ని ప్యానెళ్లని మార్చేసిందో. కానీ వాస్ లేదు కాబట్టి ఎల్‌పీవీ అప్రోచ్‌లు, అంటే జీపీఎస్‌తోనే ఎత్తు కూడా చూసుకుంటూ రన్‌వేకి దిగే పద్ధతులు, రావు. శాటిలైట్ సిగ్నల్‌లో వచ్చే తప్పుల్ని నేల మీది స్టేషన్లు లెక్కగట్టి సవరణని మళ్లీ శాటిలైట్ మీదుగా మన రిసీవర్‌కి పంపే పద్ధతినే వాస్ అంటారు, అమెరికాలో 2003 నుంచి నడుస్తోంది, యూరప్‌లో ఎగ్నోస్, ఇండియాలో గగన్ అదే పని చేస్తాయి. దీనివల్ల ఏంటంటే ఐఎల్‌ఎస్ (దిగే దారి చూపించే రేడియో ఏర్పాటు) లేని చిన్న రన్‌వేకి కూడా గ్లైడ్‌పాత్‌తో (కిందకి దిగే వాలు దారితో) సహా దిగొచ్చు, కొన్నిచోట్ల 200 అడుగుల దాకా. వాస్ లేనిదాంతో అదే చోట చాలాసార్లు 400, 500 అడుగుల దగ్గరే ఆగిపోయి రన్‌వే కనపడక వెనక్కి తిరగాలి. మీరు వెళ్లే ఊళ్లలో ఎన్నింటికి ఎల్‌పీవీ ఉందో ఒక సాయంత్రం కూర్చుని అప్రోచ్ చార్టులు తిరగేయండి. సగానికి పైగా ఉంటే వాస్ జీపీఎస్ మీకు రోజూ పనికొచ్చే వస్తువు. ఒకటీ అరా ఉంటే తొందరేం లేదు, 430తోనే ఇంకో రెండేళ్లు లాగించండి, కాకపోతే దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అది పాడైన రోజున రిపేర్ చేయించాలని కూర్చోకుండా మార్చేయండి.

ట్రాన్స్‌పాండర్ సంగతి మీరు ఎగిరే చోటు రూల్‌ని బట్టి. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ, 10000 అడుగుల పైన, చాలా ఎయిర్‌స్పేస్‌లో ఏడీఎస్-బీ ఔట్ (విమానం ఎక్కడుందో తానే రేడియోలో పంపే పరికరం) లేకుండా వెళ్లకూడదు. అక్కడ 978 మెగాహెర్ట్జ్ పెట్టె చాలు, 18000 అడుగుల కింద, కానీ ఆ 978 అమెరికా బయట పనికిరాదు, ఎప్పటికైనా సరిహద్దు దాటే ఆలోచన ఉంటే 1090 రకమే కొనండి. రేడియో కూడా అంతే, యూరప్‌లో ఎగరాలంటే 8.33 కిలోహెర్ట్జ్ స్పేసింగ్ (ఛానెళ్ల మధ్య దూరం) ఉన్నదే కావాలి. గరగరలాడే రెండో రేడియోని మార్చేముందు మాత్రం యాంటెన్నా కేబుల్ చూడమనండి, నేను చూసిన గరగరల్లో చాలా వాటికి కారణం రేడియో కాదు, యాభై ఏళ్ల నాటి కోయాక్స్ (ఆ యాంటెన్నా కేబులే), దాని చివర తుప్పు పట్టిన కనెక్టర్.

వైరింగ్ గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. మీ వయసు విమానం ప్యానెల్ వెనక ఏముంటుందో ఒకసారి టార్చ్ వేసి చూడండి. నేను ఒకదాంట్లో చూసింది చెప్తాను, పైకప్పు మీద ఎప్పటిదో లోరాన్ (పాత రేడియో నావిగేషన్) యాంటెన్నా అలాగే ఉంది, అమెరికాలో లోరాన్-సీ సిగ్నలే 2010లో ఆపేశారు, దాని కేబుల్ ప్యానెల్ వెనక్కి వచ్చి కత్తిరించి టేప్ చుట్టి వేలాడుతోంది, పక్కనే ముగ్గురు ఓనర్ల కాలంలో ముగ్గురు మెకానిక్‌లు వేసిన అతుకులు, ఏ వైరు ఎక్కడికి పోతుందో లేబుల్ లేదు, కంట్రోల్ యోక్ షాఫ్ట్‌కి ఒక వైరు రాసుకుని పైన ఇన్సులేషన్ అరిగి రాగి మెరుస్తోంది. అంత ఖరీదైన కొత్త స్క్రీన్‌ని అలాంటి పాత తీగల కట్ట మీద తెచ్చి పెడితే రేపు వచ్చే ప్రతి చిన్న ట్రబుల్‌కీ షాపువాళ్లు వెతుక్కుంటూ గంటలు గంటలు బిల్లు వేస్తారు. అందుకే కొటేషన్‌లో పాత చచ్చిన వైర్లు పూర్తిగా తీసేయడం, కొత్త కోయాక్స్, కొత్త వైరింగ్ డ్రాయింగ్ ఒక కాపీ మీకు ఇవ్వడం ఉన్నాయో లేదో చూడండి. ఆ ఏడీఎఫ్ కూడా యాంటెన్నాతో సహా పీకించేయండి, తర్వాత విమానాన్ని లెక్కల మీద కాకుండా నిజంగా కాటా మీద తూయించండి, మీకు ఎంత బరువు వెసులుబాటు వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

లోన్ పెట్టి అన్నీ ఒకేసారి అన్నారు. ఒకేసారి చేయిస్తే ప్యానెల్ ఒక్కసారే విప్పుతారు, లేబర్ మిగులుతుంది, అది నిజమే, కాదనను. కానీ మీ ఇంజిన్‌కి మేకర్ చెప్పిన ఓవర్‌హాల్ గడువు 2000 గంటలు, మీది 1400 అయింది, ఏడాదికి 80 చొప్పున ఇంకో ఏడున్నరేళ్లు, అదీ అన్నీ బాగుంటే. ఓవర్‌హాల్ డబ్బు ఇప్పట్నుంచే పక్కన పెట్టుకోవాలి, లోన్ కిస్తీ దాన్ని తినేస్తే ఇంజిన్‌లో చిప్స్ (లోహపు తునకలు) కనపడ్డ రోజున మీ అందమైన ప్యానెల్ హ్యాంగర్‌లో కూర్చుంటుంది. పైగా అమ్మేటప్పుడు ప్యానెల్ మీద పెట్టినదాంట్లో సగం తిరిగొస్తే సంతోషపడాలి, మిగతా సగం మీరు వాడుకున్నందుకు. కాబట్టి కనీసం ఐదేళ్లు ఈ విమానం ఉంచుకుంటాను అనే నమ్మకం ఉంటేనే పెద్ద పని పెట్టుకోండి.

మధ్యే మార్గం ఒకటుంది, నేను అందరికీ చెప్పేది అదే. చేయించడం విడతలుగా చేయించండి, కానీ ప్లాన్ మాత్రం ఒకేసారి గీయించండి. చివరికి ప్యానెల్ ఎలా ఉండాలో డ్రాయింగ్ ఈరోజే తీసుకుని, మొదటి విడతలోనే తర్వాత వచ్చేవాటికి చోటు, బ్రేకర్లు, వైర్లు వదిలిపెట్టమనండి. మొదట ఎలక్ట్రానిక్ హొరైజన్, వైరింగ్ శుభ్రం. రెండో విడత వాస్ జీపీఎస్. ఆటోపైలట్ చివర. పెద్ద స్క్రీన్లు మీకు ఇప్పుడు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. స్క్రీన్ పెట్టగానే సేఫ్టీ వచ్చేస్తుందని కూడా అనుకోకండి, 2010లో అమెరికా ఎన్‌టీఎస్‌బీ (ప్రమాదాల దర్యాప్తు సంస్థ) చిన్న విమానాల గ్లాస్ కాక్‌పిట్ల (స్క్రీన్ ప్యానెళ్ల) మీద స్టడీ చేసినప్పుడు మొత్తం యాక్సిడెంట్లు కాస్త తక్కువే వచ్చాయి గానీ ప్రాణాలు పోయిన యాక్సిడెంట్ల రేటు పాత డయల్స్ ఉన్నవాటి కన్నా ఎక్కువ వచ్చింది, ఆ పరికరాల మీద ట్రైనింగ్ సరిపోవట్లేదని వాళ్లు గట్టిగా చెప్పారు. కాబట్టి ఏది పెట్టించినా దాంతో ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని ఒక పది గంటలు ఎగరడానికి అయ్యే ఖర్చు కూడా అదే బడ్జెట్‌లో రాసుకోండి, నావిగేషన్ డేటాబేస్ ప్రతి 28 రోజులకీ మారుతుంది, ఆ చందా కూడా.

షాపు విషయంలో ఒక్కటి చెప్పి ఆపుతాను. ఎన్ని వారాలు పడుతుందో కాగితం మీద రాయించుకోండి, పార్టులన్నీ చేతికొచ్చాకే విమానం తీసుకురమ్మనాలని ముందే మాట్లాడుకోండి. నాకు తెలిసిన ఒకాయన విమానం ఒక షాపులో ఏడు నెలలు ప్యానెల్ ఊడదీసి ఉండిపోయింది, ఒక్క పార్టు రాక. సీట్లు తీసి మూల పెట్టారు, ఇంజిన్ అన్నాళ్లు తిప్పకపోతే లోపల తుప్పు పట్టదా, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పని అయ్యాక మీ ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి విమానం విలువ పెంచమనండి. పెంచకపోతే చిన్న దెబ్బ తగిలినా పాత విలువ చేతిలో పెట్టి, మీ కొత్త పరికరాలతో సహా విమానాన్ని వాళ్లు తీసుకెళ్లిపోవచ్చు.

ప్రశ్న: మేమిద్దరం అన్నదమ్ములం కలిసి ఒక సెస్నా 172 కొందామనుకుంటున్నాం. ఒకటి చవగ్గా ఉంది, ప్యానెల్ అంతా పాతది. ఇంకోటి ఖరీదు ఎక్కువ, కానీ రెండేళ్ల కిందటే కొత్త జీపీఎస్, ఆటోపైలట్ అన్నీ పెట్టించారు. చవకది కొని మనకి నచ్చినట్టు చేయించుకుందాం అంటాడు మా అన్నయ్య.

జవాబు: రెండోది కొనండి అని చెప్తాను, బాడీ, ఇంజిన్ రెండింట్లోనూ ఒకలాగే ఉంటే. పైన రాసినట్టు, పెట్టినవాళ్లకి సగమే తిరిగొస్తుంది, అంటే ఆ పోయిన సగం మీకు కలిసొస్తుంది. మీ అన్నయ్యగారి మాటలో కూడా న్యాయం ఉంది, నచ్చినట్టు చేయించుకోవడంలో ఆనందం ఉంటుంది, కానీ కొన్న వెంటనే విమానం నెలల తరబడి షాపులో ఉంటే ఇద్దరికీ చిరాకొస్తుంది, ఉమ్మడిగా కొన్నప్పుడు ఆ చిరాకు ఒకరి మీద ఒకరికి తిరుగుతుంది.

అయితే కొత్త ప్యానెల్ చూసి కళ్లు చెదరనివ్వొద్దు. లాగ్‌బుక్‌లో ప్రతి పరికరానికీ ఎంట్రీ ఉందా, అప్రూవల్ కాగితాలు ఉన్నాయా, ఫ్లైట్ మాన్యువల్‌లో పెట్టాల్సిన సప్లిమెంట్లు ఉన్నాయా, బరువు లెక్క కొత్తగా రాశారా, ఇవి కావాలి. కాగితాలు లేని పరికరం పెట్టించిన వాడి చేతిలో ఎంత ఖరీదైనదో, మీ చేతికొచ్చాక అంత తలనొప్పి. డెమో ఫ్లైట్‌లో అమ్మేవాడిని మాట్లాడనివ్వకుండా ఆటోపైలట్‌తో ఒక అప్రోచ్ మొత్తం చేయించి చూడండి, హెడింగ్ బగ్ (సెట్ చేసిన దిక్కు) పట్టుకోవడం ఒక్కటే చూసి బాగుందనుకోకండి. ఎల్ట్ (ప్రమాదం జరిగితే సిగ్నల్ పంపే పెట్టె) ఏదో కూడా చూడండి, 121.5 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే అరిచేది అయితే దాన్ని శాటిలైట్లు వినడం 2009 ఫిబ్రవరిలోనే మానేశాయి, 406 రకం పెట్టించే ఖర్చుని బేరంలో కలుపుకోండి.

ప్రశ్న: నేను పగలు, మంచి వాతావరణంలో మాత్రమే సరదాకి ఎగురుతాను. ట్యాబ్లెట్‌లో మ్యాప్, ట్రాఫిక్, వాతావరణం అన్నీ కనిపిస్తున్నాయి. ప్యానెల్‌లో ఏమైనా పెట్టించాలా?

జవాబు: అక్కర్లేదండీ. మీ అవసరానికి ట్యాబ్లెట్ చక్కగా సరిపోతుంది, దానికి ఒక చిన్న పోర్టబుల్ రిసీవర్ జత చేశారు కాబట్టే ట్రాఫిక్ వస్తోందనుకుంటున్నాను. రెండు జాగ్రత్తలు చెప్తాను. ఎండలో గ్లేర్‌షీల్డ్ (ప్యానెల్ పైనుండే అంచు) మీద పెడితే ట్యాబ్లెట్ వేడెక్కి ఆగిపోతుంది, సరిగ్గా మీకు కావాల్సినప్పుడే, అందుకని నీడ పడే చోట బిగించుకోండి, ఫోన్‌లో కూడా అదే మ్యాప్ వేసుకుని ఉంచండి. వాతావరణం బొమ్మ ఇప్పటిది కాదు, అది మీ దాకా వచ్చేసరికి నిమిషాలు గడిచిపోతాయి, ఉరుముల మబ్బు ఆలోపు జరిగిపోయి ఉంటుంది, దాని పక్కనుంచి సందు చూసుకుని దూరడానికి ఆ బొమ్మని వాడొద్దు.

మీ దగ్గర మిగిలిన డబ్బుతో ఏదైనా చెయ్యాలనిపిస్తే నాలుగు సిలిండర్ల వేడి విడివిడిగా చూపించే ఇంజిన్ మానిటర్ పెట్టించుకోండి. వాల్వ్ అంటుకోవడం మొదలైనప్పుడు ఒక్క సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ మాత్రం స్టార్ట్ చేసిన కొత్తలో పడిపోయి మళ్లీ లేస్తుంది, చెవికి చిన్న దడదడలా వినపడి ఆగిపోయేది ఆ గ్రాఫ్‌లో స్పష్టంగా దొరుకుతుంది. ప్రతి నెలా డేటా దింపుకుని మీ మెకానిక్‌కి చూపించండి.